వెక్కిరింపును జయించిన కృష్ణుడు

తిరువూరు: 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో తిరువూరు చేరింది. ఆ జిల్లా ఎవరి పేరిట వెలసిందో ఆ నందమూరి తారక రామారావుకూ తొలినాళ్లలో విమర్శలు తప్పలేదు.

1923 మే 28న నిమ్మకూరులో జన్మించిన ఆయన, విజయవాడ ఎస్సార్‌ఆర్ కళాశాలలో చదివే రోజుల్లో విశ్వనాథ సత్యనారాయణ ఆధ్వర్యంలో ప్రదర్శించిన నాటకంలో నాగమ్మ పాత్ర ధరించారు. మీసం తీయడానికి అంగీకరించకపోవడంతో మీసాల నాగమ్మగా నవ్వులపాలయ్యారు.

1949లో మనదేశంతో చిత్రసీమలో ప్రవేశించారు. 1956లో సొంతవూరు చిత్రంలో కాసేపు కనిపించిన ఆయన కృష్ణ వేషాన్ని ప్రేక్షకులు ఆదరించలేదు. ఆ చేదు అనుభవంతో మాయాబజార్‌లో అదే పాత్రకు తటపటాయించారు. దర్శకుడు కె.వి.రెడ్డి పట్టు విడవలేదు. ఈసారి ఆహార్యంలోనూ, హావభావాల్లోనూ ప్రత్యేక శ్రద్ధ వహించారు. 1957 మార్చి 27న చిత్రం విడుదలైంది. కాదన్న ప్రేక్షకులే ఆ రూపానికి నీరాజనాలు పట్టారు.

అనంతరం శ్రీకృష్ణపాండవీయం (1966), దానవీరశూరకర్ణ (1977) చిత్రాలకు తానే దర్శకత్వం వహించి, కృష్ణుడిగానూ నటించారు. వెనుదీసిన పాత్రే ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చింది. 1996 జనవరి 18న కన్నుమూసినా తెలుగువారికి కృష్ణుడంటే ఆ రూపమే గుర్తుకొస్తుంది.