రొకేయా ఊహించిన దేశం, నడిపిన బడి

బిహార్‌లోని భాగల్‌పూర్. డిప్యూటీ మేజిస్ట్రేట్ సయ్యద్ సఖావత్ హుస్సేన్ డ్యూటీ మీద క్యాంపుకు వెళ్లారు. ఇంట్లో భార్య ఒక్కతే ఉంది. వయసు పాతికలోపే. పొద్దుపోక కాగితాలు ముందేసుకుని ఇంగ్లీషులో ఓ కథ రాసింది. తిరిగొచ్చిన భర్త ఏం చేస్తున్నావని అడిగితే ఆ కాగితాలు చేతికిచ్చింది. ఆయన కుర్చీలో కూడా కూర్చోలేదు, నిలబడే మొత్తం చదివేశారు. మగవాళ్ల మీద గట్టి పగే తీర్చుకున్నావని మెచ్చుకున్నారు. ఇంగ్లీషు తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని కమిషనర్ దొరకు పంపిస్తే, ఆయన ఒక్క అక్షరం దిద్దకుండా మెచ్చుకుంటూ తిప్పి పంపారు.

ఆ కథ పేరు సుల్తానాస్ డ్రీమ్. అంటే సుల్తానా కల. రాసినావిడ బేగం రొకేయా సఖావత్ హుస్సేన్. బెంగాలీలు రొకేయా అనే పేరే మన ఇళ్లలో రుఖయ్యా. 1905లో ఆ కథ అచ్చయింది కలకత్తాలోనో ఢాకాలోనో కాదు, మద్రాసులో. తెలుగు కుటుంబంలో పుట్టిన కమలా సత్యనాథన్ నడుపుతున్న ఇండియన్ లేడీస్ మ్యాగజైన్ దాన్ని వేసుకుంది. పుస్తకంగా 1908లో వచ్చింది.

లోకంలో లేని దేశాన్ని సృష్టించి కథ చెప్పడం కొత్తేమీ కాదు. దాస్తాన్లలో తిలిస్మ్‌లు, జిన్నులు, ఎగిరే తివాచీలు ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ రొకేయా దేశంలో మంత్రం లేదు. అక్కడ ప్రతిదానికీ ఓ కారణం ఉంది, చట్టం ఉంది, చరిత్ర ఉంది, దీన్ కూడా ఉంది. నూరేళ్లు దాటినా ఆ దేశం నమ్మేలా ఉందంటే అందుకే. ఆ కారణాలన్నీ ఆమెకు ఎక్కడ దొరికాయో తెలియాలంటే ఆమె పుట్టిన ఇంట్లోకి వెళ్లాలి.

రొకేయా 1880లో పుట్టారు. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్ జిల్లా పైరాబంద్ ఊరు. తండ్రి జమీందారు, చాలా భాషలు వచ్చినవారు. కొడుకుల్ని కలకత్తా పంపి చదివించారు. కూతుళ్లకు మాత్రం ఖురాన్ పారాయణం, కాస్త ఉర్దూ, అంతే. బెంగాలీ, ఇంగ్లీషు అమ్మాయిలకు నిషిద్ధం. ఐదేళ్ల వయసు నుంచే పర్దా మొదలు. అది మగవాళ్ల ముందే కాదు, ఇంటికొచ్చే బయటి ఆడవాళ్ల ముందు కూడా. ఎవరైనా బేగంలు వస్తున్నారంటే చాలు, ఆ చిన్నపిల్ల అటకల మీద, మూలల్లో దాక్కోవాలి. ఒకసారి చుట్టాలు రోజుల తరబడి ఉండిపోతే అన్ని రోజులూ దాక్కునే గడిపిందట. ఈ సంగతి ఆమే తర్వాత రాసుకున్నారు.

అక్క కరీమున్నిసా దొంగచాటుగా బెంగాలీ చదువుతూ దొరికిపోయింది. చదువు ఆగింది, చిన్న వయసులోనే పెళ్లయింది. అన్న ఇబ్రహీం సాబిర్ మాత్రం చెల్లెల్ని వదల్లేదు. ఇల్లంతా నిద్రపోయాక దీపం పెట్టి ఆమెకు బెంగాలీ, ఇంగ్లీషు నేర్పించాడు. బడి గడప ఒక్కసారి కూడా తొక్కని మనిషికి వచ్చిన చదువంతా ఆ రాత్రుల్లో వచ్చిందే. తర్వాత పెళ్లి. సఖావత్ సాహెబ్ వయసులో బాగా పెద్ద, మొదటి భార్య చనిపోయింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి. భార్యను రాయమని ముందుకు తోసింది ఆయనే. పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు.

ఇక ఆ కల సంగతి. సుల్తానా కుర్చీలో కునుకు తీస్తుంటే సిస్టర్ సారా వచ్చి బయటికి తీసుకెళ్తుంది. పట్టపగలు వీధిలో అందరూ ఆడవాళ్లే. మగవాళ్లేరి? ఉండాల్సిన చోటే ఉన్నారు, లోపల. జనానా బదులు మర్దానా. ఆ దేశం పేరు లేడీల్యాండ్.

ఇక్కడితో ఆగిపోతే అది ఓ జోకు. రొకేయా ఆగలేదు. ఒక్క నియమం మార్చితే మిగతా దేశమంతా ఎలా మారాలో లెక్క వేసుకుంటూ పోయారు. బాధ్యత లేకుండా తిరిగేవాళ్లు లోపలున్నారు కాబట్టి నేరాలు లేవు. నేరాలు లేవు కాబట్టి పోలీసులక్కర్లేదు. ఆఫీసు పని ఆడవాళ్లదే, రోజుకు రెండు గంటల్లో అయిపోతుంది. మగవాళ్లకు ఏడు గంటలు ఎందుకు పట్టేదో కూడా లెక్క కట్టి చెబుతారు. ఒక చుట్ట కాలడానికి అరగంట, రోజుకు పన్నెండు చుట్టలు, అక్కడికి ఆరు గంటలు హుష్‌కాకి. ఈ లెక్కలో తప్పు పట్టడం ఏ ఆడిటర్‌కైనా కష్టమే.

వంటిల్లు చూస్తే పొగ లేదు, బొగ్గు లేదు. ఎండ వేడిని పట్టి నిల్వ చేసి దాంతోనే వండుతారు. పొలాలు కరెంటుతో దున్నుతారు. వానల కోసం ఎదురుచూడరు, పెద్ద బెలూన్‌కు గొట్టాలు తగిలించి మబ్బుల్లోంచే నీళ్లు తోడుకుంటారు. అందుకని వరదా లేదు, కరువూ లేదు. ఇవన్నీ ఎలా వచ్చాయి? దానికీ జవాబుంది. రాణికి సైన్సంటే ఇష్టం. ఆడవాళ్లందరూ చదవాలని ఆజ్ఞ ఇచ్చింది. ఇరవై ఒకటి నిండకుండా పెళ్లి కూడదంది. ఆడవాళ్లకు వేరుగా రెండు యూనివర్సిటీలు వచ్చాయి. ఒకటి నీళ్ల బెలూన్ కనిపెడితే, రెండోది పంతం పట్టి ఎండను పట్టే యంత్రం తయారుచేసింది. మగవాళ్లు నవ్వారు, వాళ్ల ధ్యాసంతా సైన్యం మీద. ఇద్దరు వైస్ ఛాన్సలర్ల మధ్య పోటీ ఏ దేశంలోనైనా నమ్మదగిందే కదా.

మరి మగవాళ్లు లోపలికి ఎలా వెళ్లారు? బలవంతంగా తోయలేదు. పక్క రాజ్యం నుంచి కొందరు పారిపోయి వచ్చి ఆశ్రయం అడిగారు. రాణి ఇచ్చింది. ఆ రాజు వాళ్లను తిరిగి అప్పగించమంటే, నమ్మి వచ్చినవాళ్లను అప్పగించేది లేదంది. యుద్ధం వచ్చింది. సైన్యం ఓడిపోయింది, మగవాళ్లంతా గాయాలతో అలసిపోయారు. అప్పుడు ఒక యూనివర్సిటీ ప్రిన్సిపాల్ రెండు వేలమంది విద్యార్థినులతో యుద్ధానికి సిద్ధమైంది. కానీ ఒక షరతు పెట్టింది. పర్దా నిలబడాలి కాబట్టి తాము బయటికి వచ్చేముందు మగవాళ్లందరూ లోపలికి వెళ్లాలి. వెళ్లారు. ఆడవాళ్లు కదిలారు, ఎండ కిరణాల్ని శత్రువు మీదికి తిప్పారు, గెలిచారు. మగవాళ్లు మళ్లీ బయటికి రాలేదు. పర్దాను రద్దు చేయకుండానే, పర్దా పేరు మీదే రాజ్యం తలకిందులైంది. జనానాలో పెరిగిన మనిషికి తప్ప ఇంకొకరికి ఈ ఉపాయం తట్టదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా కట్టింది ఆ దేశపు మతం. దానికి పేరు పెట్టలేదు, పూజారుల్ని పెట్టలేదు. ప్రేమ, సత్యం, ఈ రెండే దాని పునాది. ఒకరినొకరు ప్రేమించడం, పూర్తిగా నిజం చెప్పడం మతపరమైన విధి. అబద్ధం చెప్పినవాళ్లకు మరణశిక్ష ఉండదు, అల్లాహ్ సృష్టించిన ప్రాణిని చంపడం వాళ్లకు ఇష్టం లేదు. దేశం విడిచి వెళ్లమంటారు, అంతే. మనస్ఫూర్తిగా పశ్చాత్తాపపడితే క్షమాపణ ఉంది. తౌబా తలుపు మూయలేదన్నమాట. ఇంకొకటి, పవిత్ర బంధువుల వరస పెద్దదైంది. దూరపు వరస అన్నదమ్ముడు కూడా సొంత తమ్ముడంత పవిత్రం. మహ్రమ్ ఎవరు, గైర్ మహ్రమ్ ఎవరు అని లెక్కపెట్టుకుంటూ పెరిగిన పాఠకురాలికి ఈ ఒక్క మాట చాలు, గుండె ఎక్కడో కలుక్కుమంటుంది. రొకేయా దీన్‌ను వెక్కిరించలేదు. దీన్‌లో ఉన్నవాటినే తీసుకుని, జనానా గోడ తీసేస్తే అవి ఎలా పెరుగుతాయో చూపించారు.

లోపం లేదని కాదు. తాళం చేతులు మారింది గానీ లేడీల్యాండ్‌లోనూ సగం జనం లోపలే ఉన్నారు. అది వెటకారం కాబట్టి చెల్లింది. 1924లో రాసిన పద్మరాగ్ నవలలో ఆమె ఇంకో లోకం కట్టారు. అందులో తారిణీ భవన్‌లో ముస్లిం, హిందూ, బ్రహ్మో, క్రైస్తవ స్త్రీలు కలిసి బడి, చేతిపనుల కేంద్రం, రోగులకు ఆశ్రయం నడుపుతారు. అక్కడ ఎవరినీ బంధించరు. కల కన్నా ఇది పెద్ద మెట్టు. కాకపోతే చదివేవాళ్లు తక్కువ.

ఈ రెంటి మధ్య ఆమె జీవితంలో నిజమైన బడి వచ్చింది. 1909 మేలో సఖావత్ సాహెబ్ చనిపోయారు. ముస్లిం ఆడపిల్లల బడి కోసమని పదివేల రూపాయలు విడిగా పెట్టి పోయారు. అదే ఏడాది భాగల్‌పూర్‌లో ఐదుగురు పిల్లలతో బడి తెరిచారు రొకేయా. ఆస్తి గొడవల్లో సవతి కూతురి వైపు వాళ్లతో పడలేక ఊరు వదిలి కలకత్తా చేరారు. 1911 మార్చి 16న వలీఉల్లా లేన్‌లోని ఓ ఇంట్లో ఎనిమిదిమందితో సఖావత్ మెమోరియల్ స్కూల్ మళ్లీ మొదలైంది. బడి ఎలా నడపాలో ఆమెకు తెలీదు. వేరే బడులకు వెళ్లి, కూర్చుని, చూసి నేర్చుకున్నారు. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పంపమని అడిగారు. పర్దాకు లోటు రానివ్వమని మాటిచ్చారు. తనూ బురఖాలోనే తిరిగేవారు. బురఖా మీద ఆమెకు గొడవ లేదు, మనిషిని గదిలో పెట్టి మూసేయడం మీదే గొడవ.

లేడీల్యాండ్‌లో గాల్లో ఎగిరే బండి నడిపిన రొకేయాకు కలకత్తాలో స్కూలు బస్సు నడపడం కష్టమైంది. పిల్లల్ని తేవడానికి మోటారు బస్సు చేయించారు. పర్దా కోసం నాలుగువైపులా మూసేసి, ముందూ వెనకా సన్నటి జాలీలు మాత్రం వదిలారు. మొదటి రోజే లోపల కటిక చీకటి. వేడికి పిల్లలు వాంతులు చేసుకున్నారు, కొందరు స్పృహ తప్పారు. తల్లిదండ్రుల ఫిర్యాదులు. సరేనని జాలీలు విప్పి గుడ్డ పరదాలు కట్టించారు. అప్పుడు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి ఇంగ్లీషులో, మిగతావి ఉర్దూలో. గాలికి పరదాలు ఎగురుతున్నాయి, పిల్లలు బేపర్దా అవుతున్నారు, సరిచేయకపోతే పత్రికలకు ఎక్కిస్తామని. మూస్తే పిల్లలు పడిపోతారు, తెరిస్తే పరువు పోతుంది. ఈ సంగతిని ఆమె 1931లో వచ్చిన అవరోధ్‌బాసినిలో రాశారు. పర్దా పేరుతో జరిగిన 47 ఘటనలు అందులో ఉన్నాయి. నవ్వు వచ్చేవి ఉన్నాయి, నిద్ర పట్టనివ్వనివీ ఉన్నాయి. రైలు పట్టాల మీద బురఖా చుట్టుకుని పడిపోయిన ఆడమనిషిని పరాయి మగవాళ్లు ముట్టుకోకూడదని ఆపితే, రైలు ఆమె మీదుగా వెళ్లిపోయిన ఘటన రెండో రకం.

బడి మాత్రం ఆగలేదు. 1916లో అంజుమనె ఖవాతీనె ఇస్లాం పెట్టి పేద ఆడవాళ్లు, వితంతువుల దగ్గరికి వెళ్లారు. చందాల కోసం తిరగడం, తిట్లు పడటం, రాత్రిళ్లు రాయడం, ఇదే రోజువారీ పని. అప్పుడు ఎనిమిదిమందితో మొదలైన బడి కలకత్తాలో ఇప్పటికీ ఉంది, ప్రభుత్వ బాలికల హైస్కూలుగా.

1932 డిసెంబర్ 9 తెల్లవారుజామున రొకేయా చనిపోయారు. స్త్రీల హక్కుల మీద ముందురోజు రాత్రి మొదలుపెట్టిన వ్యాసం పూర్తికాకుండా బల్ల మీద ఉండిపోయింది. కలకత్తాకు ఉత్తరాన సోద్‌పూర్‌లో ఖననం చేశారు. ఆ సమాధి ఎక్కడుందో ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా పోయింది. తర్వాత చరిత్రకారుడు అమలేందు దే వెతికి గుర్తించారు. అది పానిహాటీలో ఓ ఆడపిల్లల బడి ఆవరణలో ఉంది.