సాలూరు రాజేశ్వరరావు

సాలూరు రాజేశ్వరరావు (1922 అక్టోబరు 11 - 1999 అక్టోబరు 25) తెలుగు, తమిళ, కన్నడ చలనచిత్రాలకు సంగీత దర్శకుడు, గాయకుడు, వాద్యగోష్ఠి నిర్వాహకుడు. తొలినాళ్ళలో నటుడు కూడా. తెలుగులో లలిత సంగీతం ఒక ప్రత్యేక శాఖగా నిలదొక్కుకోవడానికి కారకులైన మొదటి తరంలో ఇతడు ముఖ్యుడు. చిత్రాల పేర్లలో ఎస్.రాజేశ్వరరావు అనే కనిపిస్తుంది. ఇంటిపేరును సాలూరి అని వ్రాయడమూ వాడుకలో ఉన్నది.

ఇతని వరుసల మాధుర్యాన్ని గురించి చాలామంది వ్రాశారు. ఆ వరుస చుట్టూ ఏ వాద్యం ఎక్కడ పలకాలి, ఎక్కడ మౌనంగా ఉండాలి అన్న విషయంలో ఇతడు చూపిన నేర్పు గురించి వ్రాసినవారు తక్కువ. శాస్త్రీయ రాగాన్ని చెడగొట్టకుండానే పియానో, వయొలిన్ల బృందం, గిటారు వంటి పాశ్చాత్య వాద్యాలను తెలుగు పాటలో ఇమడ్చడం ఇతని జీవితకాలపు కృషి అని చెప్పవచ్చును.

బాల్యం

రాజేశ్వరరావు సాలూరు సమీపంలోని శివరామపురం గ్రామంలో జన్మించాడు. ఆ గ్రామం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో, 1979 తరువాత విజయనగరం జిల్లాలో ఉండేది. 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు, గీత రచయిత. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడి కచేరీలకు మృదంగ సహకారం అందించినవాడు. పెద్దకొడుకు హనుమంతరావుకు, రాజేశ్వరరావుకు సంగీతంలో తొలి గురువు తండ్రే. అన్నదమ్ములిద్దరూ చిన్ననాడే ఊరూరా తిరిగి పాట కచేరీలు చేసేవారు. హనుమంతరావు కూడా తరువాతి కాలంలో తెలుగు, కన్నడ చిత్రాలకు సంగీత దర్శకుడయ్యాడు.

లయ ఇంట్లోనే పుట్టినదన్న మాట రాజేశ్వరరావు విషయంలో అక్షరాలా నిజం. ఇతని పాటలలో తాళవాద్యం ఎన్నడూ గొంతును కప్పివేయదు. మృదంగం వాయించే తండ్రి దగ్గర పెరిగినందువల్ల ఈ మెలకువ అబ్బి ఉంటుంది.

బాలగాయకుడుగా ఇతడు హచిన్స్ గ్రామఫోను కంపెనీకి భగవద్గీత శ్లోకాలను పాడాడు. ఆ రికార్డుల ద్వారానే సినిమావారి దృష్టిలో పడ్డాడు. 1935లో వచ్చిన శ్రీకృష్ణ లీలలు చిత్రంలో బాలకృష్ణుడుగా నటించి, తన పాటలు తానే పాడాడు. అందులో కంసుడు వేమూరి గగ్గయ్య. సంగీతం గాలి పెంచల నరసింహారావు. మరుసటి సంవత్సరం వచ్చిన మాయాబజార్ (శశిరేఖా పరిణయం)లో అభిమన్యుడుగా నటించాడు. ఇది 1957 నాటి మాయాబజార్ కాదు. పాఠకులు పొరబడకూడదు.

కలకత్తా అనుభవం

ఆ కాలంలో తెలుగు చిత్రాలు కొన్ని కలకత్తాలో తయారయ్యేవి. అలా అక్కడికి చేరిన రాజేశ్వరరావు కొంతకాలం అక్కడే ఉండి, కె.ఎల్.సైగల్ వద్ద హిందుస్తానీ పద్ధతిలో పాడడం నేర్చుకున్నాడు. న్యూ థియేటర్స్ సంస్థలో ఆర్.సి.బోరల్, పంకజ్ మల్లిక్ పనిచేసే తీరును దగ్గరగా చూశాడు. అప్పటికి దక్షిణాదిన పాటకు తోడు హార్మోనియం, ఫిడేలు, మృదంగం లేదా తబలా ఉంటే చాలు. అవి కూడా గాయకుని వెన్నంటి అదే స్వరాన్ని వాయించేవి. కలకత్తాలో అయితే చరణానికీ చరణానికీ నడుమ వాద్యాలకు ప్రత్యేకమైన స్వరరచన ఉండేది. గాయకుడు ఆగినచోట వాద్యబృందం కథను కొంచెం ముందుకు నడిపేది. వాద్యకారులు వాడుకలో బిట్లు అని పిలిచే ఆ ఖండికల విలువ రాజేశ్వరరావుకు అక్కడే తెలిసింది. పదిహేనేళ్ళ వయసులో చెవిని పడినది జీవితాంతం నిలిచిపోయింది.

మద్రాసుకు తిరిగివచ్చి, తమిళ చిత్రం విష్ణులీల (1938)కు సంగీత సహాయకుడుగా పనిచేశాడు. స్వతంత్ర సంగీత దర్శకుడుగా మొదటి చిత్రం జయప్రద (1939). గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం వహించిన ఇల్లాలు (1940)లో నటించి, పాడి, సంగీతంలోనూ పాలుపంచుకున్నాడు. రావు బాలసరస్వతీదేవితో కలిసి పాడడం ఆ చిత్రంతో ప్రసిద్ధికెక్కింది.

లలిత సంగీతం

సినిమాలతో సంబంధం లేకుండా రాజేశ్వరరావు ఒంటరిగానూ, బాలసరస్వతీదేవితో కలిసీ పాడిన గ్రామఫోను రికార్డులు 1940 దశకంలో ఇంటింటా మ్రోగాయి. శాస్త్రీయ కచేరీకి వెళ్ళే ఓపిక లేనివారికీ, నాటక పద్యాల ఆర్భాటం అక్కరలేనివారికీ ఇవి నచ్చాయి. మూడు నిమిషాలలో ఒక భావం, ఒక రాగచ్ఛాయ, మెత్తని గొంతు. అంతే. గ్రామఫోను పలక నిడివి అంతకుమించి ఒప్పుకోదు గనుక స్వరకర్తకు పొదుపు అలవడింది. అనవసరమైన ఆలాపన గాని, వాద్యాల గోల గాని ఆ రికార్డులలో వినిపించదు. నాటకాల బాణీలో గొంతెత్తి పాడే అలవాటును మైక్రోఫోను ముందు మెల్లగా పాడే పద్ధతిలోకి మార్చినవారిలో ఇతడు అగ్రగణ్యుడు.

జెమినీ స్టూడియోలో

ఎస్.ఎస్.వాసన్ అధిపతిగా ఉన్న జెమినీ స్టూడియోలో రాజేశ్వరరావు 1940 దశకంలో ఆస్థాన సంగీత దర్శకుడుగా ఉన్నాడు. బాలనాగమ్మ (1942), తమిళంలో మంగమ్మ శపథం (1943), దాసి అపరంజి (1944) అక్కడివే. నెల జీతం తీసుకునే వాద్యకారులు, సాధన చేయడానికి తగినంత సమయం, ఖర్చుకు వెనుదీయని యజమాని ఉన్న సంస్థ అది. కలకత్తాలో చూసినదానిని పెద్ద ఎత్తున చేసి చూసే అవకాశం ఇక్కడ లభించింది.

ఆ కృషికి పరాకాష్ఠ చంద్రలేఖ (1948). నిర్మాణం అయిదేళ్ళు సాగింది. సుమారు 30 లక్షల రూపాయలు ఖర్చయినట్లు ప్రసిద్ధి. రాజేశ్వరరావు పాటలలో కర్ణాటక, హిందుస్తానీ రాగాలతో పాటు లాటిన్ అమెరికా నృత్య లయలు, వాల్ట్జ్ నడకలు కూడా వినిపిస్తాయి. పెద్ద పెద్ద ఢంకాల మీద నర్తకులు ఆడే చివరి ఘట్టం దేశమంతటా మాట్లాడుకునే విషయమైంది. నేపథ్య సంగీతాన్ని ఎం.డి.పార్థసారథి సమకూర్చాడు. ఇంత పెద్ద పని ఒక్కడి చేతిమీదుగా జరిగినదని అనుకోవడం సరికాదు. జెమినీ సంగీత విభాగమంతా అందులో ఉన్నది. మరుసటి ఏడు వచ్చిన అపూర్వ సహోదరర్గళ్ (1949)కు కూడా ఇతనితోపాటు పార్థసారథి, ఆర్.వైద్యనాథన్ పేర్లు ఉన్నాయి.

మల్లీశ్వరి

వాహినీ సంస్థ తరఫున బి.ఎన్.రెడ్డి నిర్మించి, దర్శకత్వం వహించిన మల్లీశ్వరి 1951 డిసెంబరులో విడుదలయింది. దేవులపల్లి కృష్ణశాస్త్రికి చలనచిత్ర రచయితగా ఇది తొలి చిత్రం. భానుమతి, ఘంటసాల పాడారు. పాటల తయారీకే నెలల కాలం పట్టింది. జెమినీలో వందలాది మందితో సాగిన హంగుకు ఇది పూర్తిగా భిన్నం. కథ శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిది. కనుక వాద్యాల ఎంపికలో ఎంతో నిగ్రహం పాటించారు. ఎడ్లబండి పాటలో బండి నడకనే లయగా గ్రహించడం, మేఘాన్ని ఉద్దేశించి నాయికానాయకులు పాడే పాటలో గొంతులకు చాలినంత ఖాళీ విడిచి వాద్యాలను దూరంగా నిలపడం, ఇప్పుడు విన్నా విస్మయం కలిగిస్తాయి.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. మల్లీశ్వరి వాద్యగోష్ఠి నిర్వహణ అద్దేపల్లి రామారావుది. వరుస రాజేశ్వరరావుది కాగా, దానికి వాద్యాల అమరికలో అద్దేపల్లి పాత్ర ఎంతో ఉన్నది. ఆ తరువాత బి.ఎన్.రెడ్డి తీసిన బంగారు పాప చిత్రానికి సంగీత దర్శకత్వం వహించినది ఈ అద్దేపల్లియే. అయినా మల్లీశ్వరి పాటలు వినేవారిలో ఎక్కువమందికి ఆ పేరు తెలియదు. ఈ అన్యాయం మన దేశానికే పరిమితం కాదు. సరిగా అదే 1951లో ఇంగ్లండులో మాంటోవాని వాద్యబృందం షార్మెయిన్ అనే రికార్డుతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. వయొలిన్లు ఒకదాని మీద ఒకటి జలపాతంవలె జారుతున్నట్లు వినిపించే ఆ అమరికను రూపొందించినవాడు రొనాల్డ్ బింజ్. లోకానికి మిగిలినది మాంటోవాని పేరు.

అదేవిధంగా, 1957 నాటి మాయాబజార్‌కు మొదట సంగీత దర్శకుడు రాజేశ్వరరావే. నాలుగు పాటలకు వరుసలు కట్టిన తరువాత ఇతడు ఆ చిత్రం నుండి తప్పుకొన్నాడు. వాటికి వాద్యాలు కూర్చి రికార్డు చేసినవాడు, మిగిలిన పాటలకు స్వరరచన చేసినవాడు ఘంటసాల. తెర మీద ఘంటసాల పేరు మాత్రమే ఉన్నది. ఒక చిత్రంలో అద్దేపల్లికి తక్కిన గుర్తింపు తక్కువైతే, మరొకదానిలో ఆ నష్టం రాజేశ్వరరావుకే కలిగింది. వరుస ఎవరిది, పాట ఎవరిది అన్న ప్రశ్నకు సినిమా సంగీతంలో ఒక్క పేరుతో జవాబు చెప్పడం కష్టం.

ప్రసిద్ధ చిత్రాలు

భరణీ వారి విప్రనారాయణ (1954), విజయా వారి మిస్సమ్మ (1955) ఇతనికి వెంటవెంటనే ఘనవిజయాలు. రెండింటిలోనూ కథానాయకునికి ఎ.ఎం.రాజా చేత పాడించాడు. మొదటిది భక్తి కథ, రెండవది హాస్య చిత్రం. రెండింటికీ ఒకే మెత్తని గొంతు సరిపోయేటట్లు వరుసలు కట్టడం విశేషం. మద్రాసులో హిందీ వరుసలను అరువు తెచ్చుకోవడం మామూలైన రోజులవి. మిస్సమ్మ విషయంలో ఇది తారుమారైంది. దాని హిందీ రూపమైన మిస్ మేరీ (1957)లో సంగీత దర్శకుడు హేమంత్ కుమార్ రాజేశ్వరరావు కట్టిన బృందావనం పాట వరుసను స్వీకరించాడు.

చెంచులక్ష్మి (1958), అప్పుచేసి పప్పుకూడు (1959), భార్యాభర్తలు (1961), ఆరాధన (1962), కులగోత్రాలు (1962) ఆ తరువాత వచ్చాయి. 1964 ఒక్క సంవత్సరంలోనే పూజాఫలం, డాక్టర్ చక్రవర్తి, బొబ్బిలి యుద్ధం, అమరశిల్పి జక్కన విడుదలయ్యాయి. వీటిలో రెండు ఆధునిక కథలు, రెండు చారిత్రకాలు. డాక్టర్ చక్రవర్తి తొలి నంది బహుమతి పొందిన చిత్రం. కన్నడంలోనూ నిర్మించిన అమరశిల్పి జకణాచారి ఆ భాషలో మొదటి పూర్తి రంగుల చిత్రం.

ఈ కాలపు సాంఘిక చిత్రాలలోని పియానో పాటలకు ప్రత్యేక స్థానం ఉన్నది. పియానో స్వరాలు విడివిడిగా పలుకుతాయి, గమకం పలకదు. రాగానికి గమకం ప్రాణం. ఈ చిక్కును ఇతడు తెలివిగా దాటాడు. గమకమంతా గొంతుకు, వయొలిన్లకు అప్పగించి, పియానోను లయకూ, వాక్యాల మధ్య ఖాళీలను నింపడానికీ వాడాడు. అందుచేత రాగం గాయపడలేదు, పాటకు కొత్త కాంతి వచ్చింది. ఈ పనిలో ఇతనికి ఇంట్లోనే సహాయం దొరికింది. పెద్దకుమారుడు రామలింగేశ్వరరావు పియానో, ఎలక్ట్రిక్ ఆర్గాన్ వాద్యకారుడు. మరొక కుమారుడు పూర్ణచంద్రరావు గిటారు వాద్యకారుడు.

బి.గోపాలంతో కలిసి రంగులరాట్నం (1966), బంగారు పంజరం (1969) చిత్రాలకు సంగీతం కూర్చాడు. రెండూ బి.ఎన్.రెడ్డివే. ఎ.వి.ఎం. వారి భక్త ప్రహ్లాద (1967), చిట్టి చెల్లెలు (1970), కురుక్షేత్రం (1977) చెప్పుకోదగినవి. 1970 దశకంలో అవకాశాలు తగ్గాయి. శ్రోతల అభిరుచి మారింది, నిర్మాణ వేగం పెరిగింది. నెలల తరబడి ఒక వరుసను చెక్కే పద్ధతికి కాలం చెల్లింది. అయినా 1986లో వచ్చిన తాండ్ర పాపారాయుడు పాటలు పాత రాజేశ్వరరావును మళ్ళీ జ్ఞప్తికి తెచ్చాయి.

సినిమా హాలులో నాలుగు రోజులు ఆడి వెళ్ళిపోయే పాటను దశాబ్దాలపాటు నిలిపినది రేడియో. సిలోను రేడియోలో మీనాక్షీ పొన్నుదురై నిర్వహించిన తెలుగు కార్యక్రమం, ఆకాశవాణి వివిధభారతి ప్రసారాలు వికారాబాదు, తాండూరు వంటి చిన్న పట్టణాల హోటళ్ళకు, ఇళ్ళకు ఈ పాటలను చేరవేశాయి. గరగరల నడుమ వినిపించే చిన్న ట్రాన్సిస్టరులో కూడా గొంతు, పదం స్పష్టంగా తెలిసేవి. వాద్యాలను పలుచగా, ఒకదానికొకటి అడ్డురాకుండా పేర్చడం వల్లనే ఇది సాధ్యమైంది.

పురస్కారాలు, కుటుంబం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1979లో కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. తమిళనాడు నుండి కలైమామణి పురస్కారం లభించింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసునిగా నియమించింది. 1992 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం వచ్చింది.

కుమారులలో వాసూరావు, కోటేశ్వరరావు కూడా సంగీత దర్శకులయ్యారు. కోటేశ్వరరావు కోటి పేరుతో ప్రసిద్ధుడు. మొదట రాజ్‌తో జంటగా, తరువాత ఒంటరిగా అనేక తెలుగు చిత్రాలకు సంగీతం అందించాడు. రాజ్ తండ్రి టి.వి.రాజు కూడా రాజేశ్వరరావు సమకాలికుడైన సంగీత దర్శకుడే. రాజేశ్వరరావు 1999 అక్టోబరు 25న 77 సంవత్సరాల వయసులో మరణించాడు.