యల్లాప్రగడ సుబ్బారావు: పసిపిల్లల ఐరన్ సిరప్ వెనక ఉన్న తెలుగు శాస్త్రవేత్త

ఆరు నెలలు దాటిన పసిపిల్లలకు వారానికి రెండుసార్లు వేయమని ఆశ కార్యకర్తలు ఇంటికి తెచ్చిచ్చే సిరప్‌ను మనం ఐరన్ సిరప్ అంటాం. అందులో ఐరన్ ఒక్కటే ఉండదు. ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఐరన్, దాంతో పాటు 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆ రెండోదాన్ని మొదటిసారి ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి పెద్ద మన తెలుగు మనిషి, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన గురించి మన దగ్గర చాలానే రాశారు. క్యాన్సర్ మందు, బోదకాలు మందు గుర్తు చేస్తారు. కానీ ఆయన చేతి మీదుగా వచ్చిన ఈ విటమిన్‌కీ మలేరియాకీ ఉన్న చిక్కు సంబంధం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బిడ్డ ఒంట్లో రక్తం పట్టడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. మలేరియా క్రిమి పెరగడానికి కూడా అదే జాతి పదార్థం కావాలి. దోమలు, జ్వరాలు ఉన్న ఊళ్ళలో తల్లులకు ఇది చిన్న విషయం కాదు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బు చేసి ముందే ఉద్యోగం మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. తల్లి వెంకమ్మ పట్టుదల గల మనిషి. చదువు మీద మనసు లేని ఈ కుర్రాడు పదమూడేళ్ళ వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలాడు. పట్టుకుని వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. పిల్లలకు మార్కులు తగ్గాయని గోల చేసే తల్లిదండ్రులు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే మంచిది.

మద్రాసులో ఇంటర్ చదివే రోజుల్లో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు బట్టతో కుట్టిన సర్జరీ గౌను వేసుకున్నారు. అది తెల్ల ప్రొఫెసర్‌కు గిట్టలేదు. చదువు బాగానే చదివినా ఎంబీబీఎస్ దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంతలో ఇంటి మీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. ఆ జబ్బులో పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. విరేచనాలు ఆగవు, మనిషి రక్తం లేక పాలిపోయి చిక్కిపోతాడు. తర్వాత సుబ్బారావుకూ అదే వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. కొంతకాలం ఆయన ఆయుర్వేద కాలేజీలోనే అనాటమీ పాఠాలు చెప్పారు. అన్నదమ్ములను మింగిన జబ్బుకు అసలు కారణం ఏమిటన్న ప్రశ్న మాత్రం మనసులోంచి పోలేదు.

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయంతో ఓడెక్కి 1922 అక్టోబర్‌లో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల చదువులో చేరారు. స్కాలర్‌షిప్ లేదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి కుదిరి రోగుల బెడ్‌పాన్లు కడిగి పూట గడుపుకున్నారు. మద్రాసు డాక్టర్ అక్కడ చేసిన పని అది. భార్య శేషగిరిని ఇక్కడే వదిలి వెళ్ళారు. మళ్ళీ ఇండియాకు రానేలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి 1925లో ప్రకటించారు. బయోకెమిస్ట్రీ చదివేవాళ్ళు దాన్ని ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు. కండరాలు పనిచేయడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందో చెప్పే ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీల పని కూడా అక్కడే చేశారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పక్కా ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీకి మారిపోయారు.

ఫిస్కే ల్యాబ్‌లో అప్పట్లో జార్జ్ హిచింగ్స్ అనే అమెరికన్ కుర్రాడు కూడా పనిచేసేవాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మలేరియా దగ్గర మళ్ళీ వస్తుంది.

ఫోలిక్ యాసిడ్ కథ నిజానికి బొంబాయిలో మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తహీనతతో ఎందుకు చనిపోతున్నారో చూడటం ఆమె పని. కాలేయం, ఈస్ట్ సారం పెడితే వాళ్ళు కోలుకుంటున్నారని ఆమె తేల్చింది. అందులో ఉన్న పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర పిండి దాన్ని చాలా తక్కువ మోతాదులో తీశారు. ఆకులోంచి వచ్చింది కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకుకూర పిండితే చిటికెడు వచ్చే మందు పేదవాడికి ఎలా చేరుతుంది? ఆ లెక్కను మార్చింది లెడర్లీలో సుబ్బారావు నడిపిన పెద్ద బృందం. 1945లో దాన్ని రసాయనాలతో తయారు చేసి చూపించారు. స్ప్రూ రోగులకు ఇస్తే రక్తం పట్టింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకు పైగా తర్వాత ఆ జబ్బుకు మందు ఆయన చేతికే వచ్చింది.

అంతటితో ఆగి ఉంటే విటమిన్ కనిపెట్టిన మహానుభావుడని రాసి ఊరుకునేవాళ్ళం. కానీ బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా వేగం పుంజుకుంది. పాడైన కణాలు కూడా ఆ విటమిన్‌నే తిని పెరుగుతున్నాయన్న మాట. అయితే దాన్ని వాటికి అందకుండా చేస్తే? సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించి, కణాన్ని మోసం చేసే అమినోప్టెరిన్ తయారు చేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లల వివరాలు ప్రకటించాడు. 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకు ఏ మందూ పనిచేసేది కాదు. దాని తమ్ముడే ఇవాళ మన ఆసుపత్రుల్లో వాడే మెథోట్రెక్సేట్.

నా లెక్కలో సుబ్బారావు పనిలో అన్నిటికంటే విలువైన పాఠం ఇదే. విటమిన్ కదా, ఎంత వేసినా మంచిదే అనుకునేవాళ్ళకు ఆయన ల్యాబే మొదట జవాబు చెప్పింది.

ఆ 1948 ఆగస్టులోనే న్యూయార్క్‌లో నిద్రలో గుండె ఆగి సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53. బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆ రెండేళ్ళలోనే ఆయన విభాగం నుంచి బయటికి వచ్చాయి.

ఆయన పోయాక ఫోలిక్ యాసిడ్ కథ మలేరియా వైపు తిరిగింది. మనిషి ఫోలేట్‌ను ఒంట్లో తయారు చేసుకోలేడు, తిండిలోంచే రావాలి. మలేరియా క్రిమి మాత్రం ఎర్ర రక్తకణంలో కూర్చుని తనకు కావలసింది తానే వండుకుంటుంది, దొరికితే మన ఒంట్లోది కూడా లాక్కుంటుంది. ఆ వంటను ఆపితే క్రిమి చస్తుంది. హార్వర్డ్‌లో సుబ్బారావు పక్కన పనిచేసిన హిచింగ్స్, తర్వాత గెర్‌ట్రూడ్ ఎలియన్‌తో కలిసి ఇదే దారిలో పైరిమెథమిన్ అనే మలేరియా మందు తెచ్చాడు. 1988లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది. పైరిమెథమిన్‌ను సల్ఫాడాక్సిన్‌తో కలిపిన మాత్ర ఆఫ్రికాలో కోట్ల మందికి చేరింది. మన దేశంలో కూడా 2010 తర్వాత, ఈశాన్య రాష్ట్రాలు తప్పిస్తే, ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియాకు ఆర్టిసునేట్‌తో పాటు ఇవ్వాలని పెట్టుకున్నది ఈ జోడీనే.

చిక్కు ఎక్కడంటే, మలేరియా వచ్చిన పసిబిడ్డలో రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గింది కదా అని డాక్టర్లు ఐరన్, ఫోలిక్ యాసిడ్ రాస్తారు. ఒక పక్క క్రిమికి ఫోలేట్ అందకుండా మందు వేస్తూ, ఇంకో పక్క అదే ఫోలేట్ పోస్తే ఏమవుతుంది? పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో పిల్లల మీద చేసిన పరిశీలన 1995లో అచ్చయింది. మలేరియా మందుతో పాటు ఐరన్ ఇచ్చిన పిల్లల్లో రక్తం బాగా పెరిగింది. ఫోలిక్ యాసిడ్ వల్ల అదనంగా లాభం కనిపించలేదు. పైగా సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ తీసుకున్న పిల్లల్లో ఫోలిక్ యాసిడ్ ఇచ్చినవాళ్ళకు మందు ఎక్కువసార్లు విఫలమైంది. కెన్యాలో గర్భిణుల్లోనూ రోజుకు 5 మిల్లీగ్రాముల పెద్ద మోతాదు ఈ మందును దెబ్బతీసింది, 0.4 మిల్లీగ్రాముల చిన్న మోతాదుతో ఆ ఇబ్బంది కనిపించలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందు వాడేచోట పెద్ద మోతాదు వద్దంటోంది.

అసలు గట్టి దెబ్బ టాంజానియాలోని పెంబా దీవిలో తగిలింది. అక్కడ మలేరియా బాగా ఎక్కువ. మూడేళ్ళ లోపు పిల్లలు 24 వేల మందిని తీసుకుని, కొందరికి రోజూ ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. మంచి జరుగుతుందనే అనుకున్నారు. తీరా చూస్తే అవి తీసుకున్న పిల్లల్లో ఆసుపత్రి పాలవడం, చనిపోవడం కలిపి 12 శాతం ఎక్కువ. 2003లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు, 2006లో ఫలితాలు బయటపెట్టారు. అందులో ఐరన్‌దే పెద్ద తప్పని చాలామంది అంటారు, క్రిములకు అది కూడా మేతే. అదే కాలంలో మలేరియా లేని నేపాల్ ప్రాంతంలో అవే మందులు ఇస్తే ఇలాంటి నష్టం కనిపించలేదు. పెంబాలోనే రక్తపరీక్ష చేసి, మలేరియా వస్తే వెంటనే వైద్యం అందించిన చిన్న గుంపులో, నిజంగా ఐరన్ తక్కువున్న పిల్లలకు మేలే జరిగింది.

సూక్ష్మ పోషకాలన్నీ ఇలాగే ఉంటాయని కాదు. పపువా న్యూగినీలో చిన్నపిల్లలకు మూడు నెలలకోసారి విటమిన్ ఎ ఇస్తే ఫాల్సిపారం జ్వరాలు సుమారు 30 శాతం తగ్గాయని 1999లో తేలింది. జింక్ విషయంలో ఒకచోట లాభం కనిపిస్తే ఇంకోచోట కనిపించలేదు. కాబట్టి టానిక్కు తాగిస్తే మలేరియా రాదని ఎవరైనా అంటే నమ్మకండి. దోమతెర, త్వరగా రక్తపరీక్ష, పూర్తి కోర్సు మందు, వీటికి బదులుగా ఏ సిరప్పూ పనిచేయదు.

అలాగని పెంబా పేరు చెప్పి మన పిల్లలకు ఐరన్ మానేస్తే ఇంకో తప్పవుతుంది. రక్తహీనత పిల్లల ఎదుగుదలను, చదువును తినేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెప్పేది కూడా, మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఐరన్ ఇవ్వొచ్చు, కానీ మలేరియా నివారణ, పరీక్ష, వైద్యం అందుబాటులో ఉన్నచోటే అని.

మన దగ్గర ఇది భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి సీతారామరాజు జిల్లాల ఏజెన్సీ గూడేల్లో పనికొచ్చే మాట. సిరప్‌లోని 100 మైక్రోగ్రాములు చిన్న మోతాదే, దానికి భయపడక్కర్లేదు. కానీ దుకాణంలో దొరికే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేరు. మలేరియా మందు వాడుతున్న బిడ్డకు దాన్ని సొంతంగా నూరి పోయకూడదు, డాక్టర్‌ను అడగాలి. ఇక ఐరన్ సిరప్ గురించి మన జాతీయ మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది. బిడ్డకు జ్వరం, విరేచనాలు, న్యుమోనియా లాంటివి ఉన్నప్పుడు ఆపాలి. తలసీమియా ఉండి తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లలకు అసలు వేయకూడదు. జ్వరం వస్తే ముందు ఆశ కార్యకర్త దగ్గరో, సబ్ సెంటర్‌లోనో మలేరియా పరీక్ష చేయించి, బిడ్డ కోలుకున్నాక సిరప్ మళ్ళీ మొదలుపెట్టవచ్చు.