బొమ్మలోకి దారి వేసిన మనిషి

మిక్కీ మౌస్ తెలియనివాళ్ళు మన కాలేజీలో ఎవరూ ఉండరు. డిస్నీ అనే పేరు కూడా అందరం విన్నదే. కాకపోతే అదేదో కంపెనీ పేరనే చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక ఇంటిపేరు. తెల్లవారకముందే లేచి ఇంటింటికీ పేపర్లు వేసిన ఒక పిల్లవాడి ఇంటిపేరు.

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబరు 5న అమెరికాలోని షికాగోలో పుట్టాడు. తండ్రి ఎలియాస్, తల్లి ఫ్లోరా. ఐదుగురు పిల్లల్లో ఇతను నాలుగోవాడు. 1906లో ఆ కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలో మార్సెలీన్ అనే చిన్న ఊరికి వెళ్ళింది. అక్కడ తండ్రి పొలం కొన్నాడు. రైలు స్టేషను, ఒక పెద్ద వీధి, ఊరి చుట్టూ పొలాలు. మా సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు వచ్చినవాళ్ళు ఇలాంటి ఊరిని ఇట్టే ఊహించుకోగలరు. వాల్ట్ అక్కడ ఉన్నది నాలుగైదేళ్ళే. కానీ ఆ వీధీ ఆ రైలూ అతని మనసులోంచి చివరిదాకా పోలేదు.

పొలం కలిసిరాలేదు. 1911లో అమ్మేసి కాన్సాస్ సిటీకి మారారు. తండ్రి అక్కడ పేపర్లు పంచే పని తీసుకున్నాడు. పని చేసింది మాత్రం వాల్ట్, అతని అన్న రాయ్. చీకట్లో లేవాలి, మంచు పడుతున్నా వెళ్ళాలి. వాల్ట్ ఇలా ఆరేళ్ళు చేశాడు. బడిలో కూర్చుంటే నిద్ర ముంచుకొచ్చేది. అయినా దొరికిన కాగితం మీదల్లా బొమ్మలు గీసేవాడు. 1918లో మొదటి ప్రపంచయుద్ధం జరుగుతుండగా, వయసు ఎక్కువ చూపించుకుని రెడ్‌క్రాస్ అంబులెన్సు పనిలో చేరాడు. తీరా ఫ్రాన్సుకి వెళ్ళేసరికి యుద్ధం అయిపోయింది. అక్కడ అంబులెన్సు నడుపుతూ, దానిమీదే బొమ్మలు వేసుకున్నాడు.

తిరిగొచ్చాక కాన్సాస్ సిటీలో అబ్ ఐవర్క్స్ అనే మంచి చిత్రకారుడు స్నేహితుడయ్యాడు. ఇద్దరూ కార్టూన్ సినిమాల్లోకి దిగారు. 1922లో వాల్ట్ పెట్టిన కంపెనీ మరుసటి ఏడే దివాలా తీసింది. అప్పటికి అతని వయసు 21. మనకంటే రెండేళ్ళు పెద్ద, అంతే! చేతిలో ఉన్న కాస్త డబ్బుతో హాలీవుడ్ రైలెక్కాడు. అన్న రాయ్ అప్పటికే అక్కడున్నాడు. 1923 అక్టోబరులో అన్నదమ్ములిద్దరూ కలిసి చిన్న స్టూడియో మొదలుపెట్టారు. వాల్ట్ కలలు కంటాడు, రాయ్ డబ్బు వెతుకుతాడు. జీవితాంతం వాళ్ళిద్దరి లెక్క ఇదే.

అప్పట్లో కార్టూన్ అంటే పూర్తిగా చేతిపని. తెరమీద ఒక్క సెకనుకి 24 ఫ్రేములు కావాలి. ముందు యానిమేటర్లు కాగితం మీద పెన్సిల్‌తో బొమ్మ గీస్తారు. దానిమీద సెల్ అనే పారదర్శకమైన షీటు పెట్టి, నిబ్బు పెన్నుతో ఇంకు గీత దిద్దుతారు. తర్వాత షీటు తిప్పి వెనకవైపు రంగు నింపుతారు. అలాంటి షీట్లు ఒక్కొక్కటిగా కెమెరా కింద పెట్టి ఫొటో తీస్తారు. చెయ్యి కొంచెం వణికిందా, తెరమీద ముక్కో చెవో వణుకుతుంది. మా సాత్తూరు ఒకప్పుడు పెన్ను నిబ్బులకి పేరుపడ్డ ఊరు. అందుకేనేమో, డిస్నీ కథ చదువుతుంటే నా కన్ను ముందు ఈ నిబ్బుల దగ్గరే ఆగింది. ఆ ఇంకు, రంగు పనంతా చేసింది ఆడపిల్లలే. 1925లో వాల్ట్ పెళ్ళి చేసుకున్న లిలియన్ కూడా ఆ స్టూడియోలో ఇంకు పనికి చేరిన అమ్మాయే.

1928లో ఒక పెద్ద దెబ్బ తగిలింది. వాల్ట్ స్టూడియో తయారుచేసిన ఆస్వాల్డ్ అనే కుందేలు బొమ్మకి మంచి పేరొచ్చింది. కానీ దాని హక్కులు సినిమా పంపిణీ చేసేవాళ్ళ చేతిలో ఉన్నాయి. కుందేలు పోయింది, దానితోపాటు స్టూడియోలో పనిచేసేవాళ్ళు కూడా చాలామంది వెళ్ళిపోయారు. ఆ కష్టంలోంచే మిక్కీ పుట్టాడు. గీసింది ఎక్కువగా ఐవర్క్స్, గొంతు ఇచ్చింది వాల్ట్. 1928 నవంబరు 18న న్యూయార్కులో విడుదలైన స్టీంబోట్ విల్లీలో బొమ్మా, శబ్దమూ కలిసి నడిచాయి. ఆ తర్వాత తన బొమ్మల హక్కులు వాల్ట్ ఎవరికీ వదల్లేదు.

తర్వాతి సాహసం స్నోవైట్. అంతవరకూ కార్టూన్లంటే అసలు సినిమాకి ముందు వేసే ఏడెనిమిది నిమిషాల సరదా. గంటకి పైగా ఎవరు చూస్తారని సినిమావాళ్ళు నవ్వారు, డిస్నీ పిచ్చిపని అని దానికి పేరు కూడా పెట్టారు. ఖర్చు పెరిగిపెరిగి దాదాపు 15 లక్షల డాలర్లయింది. 1937 డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లో మొదటి ఆట వేశారు. నవ్వినవాళ్ళే ఆ రోజు చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ థియేటరు బయట ఇంకో విశేషం ఉంది. సినిమాలోని ఏడుగురు మరుగుజ్జుల ఇంటిని చిన్నగా కట్టి జనం చూడటానికి పెట్టారు. తెరమీది ఇల్లు నేలమీదికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత రాబోయే డిస్నీలాండ్‌కి ఇది మొదటి అడుగని నాకనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం దాటిపోకూడదు. స్నోవైట్ బొమ్మలకి ఇంకు దిద్ది రంగులేసిన అమ్మాయిలు వందమందికి పైనే. సినిమా టైటిల్స్‌లో వాళ్ళ పేర్లు లేవు. బొమ్మలు సృష్టించే పనికి ఆడవాళ్ళని తీసుకోమనీ, అది మగపిల్లల పననీ, ఆడపిల్లలకి ఇంకు, రంగు పని మాత్రమే ఉందనీ ఆ రోజుల్లో ఉద్యోగం అడిగిన అమ్మాయిలకి స్టూడియో ఉత్తరాలు రాసేది. కొద్దిమంది మాత్రం ఆ గడప దాటారు. 1942లో వచ్చిన బాంబిలో వేటకుక్కలు తరుముకొచ్చే సీను చూస్తే ఇప్పటికీ భయమేస్తుంది. వాటిని గీసింది రెట్టా స్కాట్. యానిమేటరుగా డిస్నీ సినిమా టైటిల్స్‌లో పేరు పడిన మొదటి స్త్రీ ఆమే.

స్నోవైట్ డబ్బుతో కొత్త స్టూడియో కట్టారు. 1938లో అన్నదమ్ములు అమ్మానాన్నలకి కొనిచ్చిన ఇంట్లో, గది వెచ్చబరిచే యంత్రం పాడై విషవాయువు లీకై తల్లి ఫ్లోరా చనిపోయింది. ఆ దుఃఖం వాల్ట్‌ని వదల్లేదు. తర్వాత వచ్చిన పెద్ద సినిమాలకి, ఐరోపాలో యుద్ధం వల్ల డబ్బు తిరిగి రాలేదు. 1941లో జీతాల కోసం, యూనియన్ కోసం స్టూడియోలో సమ్మె జరిగింది. ఒకే పనికి ఒక్కొక్కరికి ఒక్కో జీతం ఉండేది, అడుగున ఉన్నవాళ్ళకి చాలా తక్కువ. చివరికి యూనియన్‌ని ఒప్పుకోక తప్పలేదు. కానీ వాల్ట్ దాన్ని తనకి జరిగిన ద్రోహంగానే చూశాడు. 1947లో అమెరికా పార్లమెంటు కమిటీ ముందు, ఆ సమ్మెలో ఉన్న కొందరిని కమ్యూనిస్టులని పేర్లతో సహా చెప్పాడు. ఆయన జీవితంలో ఇది మంచి పేజీ కాదు. గొప్పవాళ్ళ కథ రాసేటప్పుడు ఇలాంటివి తీసెయ్యడం నాకు సబబనిపించలేదు.

ఇక పార్కు సంగతి. వాల్ట్‌కి ఇద్దరు కూతుళ్ళు, డయాన్, షారన్. సెలవురోజుల్లో వాళ్ళని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కితే తను బెంచీ మీద కూర్చుని వేరుశెనక్కాయలు తినేవాడు. కోవిల్‌పట్టి కడలమిఠాయి ఆయనకి దొరకలేదు పాపం! మావైపు ఇరుక్కన్‌కుడి మారియమ్మన్ తిరునాళ్ళలో కూడా ఇదే చూస్తాం. పిల్లలు రాట్నం మీద, అమ్మానాన్నలు చెప్పులు, నీళ్ళసీసా పట్టుకుని బయట. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకునే చోటు ఎందుకుండకూడదని వాల్ట్‌కి ఆ బెంచీ మీదే అనిపించింది. 1948లో తన ఊహంతా కాగితం మీద పెట్టాడు. అందులో మార్సెలీన్ లాంటి వీధి ఉంది, రైలు కూడా ఉంది.

రాయ్ ఒప్పుకోలేదు, బ్యాంకులూ నమ్మలేదు. వాల్ట్ తన జీవితబీమా మీద అప్పు తీసుకున్నాడు, ఒక ఇల్లు అమ్మాడు. 1953లో చిత్రకారుడు హెర్బ్ రైమన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, శని ఆదివారాల్లో పార్కు మొత్తం బొమ్మ గీయించాడు. ఆ బొమ్మ పట్టుకుని రాయ్ న్యూయార్కు వెళ్ళి టీవీ కంపెనీతో ఒప్పందం చేసుకొచ్చాడు. అనహైమ్ అనే ఊళ్ళో 160 ఎకరాల నారింజతోటలు కొన్నారు. 1954 జూలైలో పని మొదలైతే, 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచారు. ఖర్చు 1 కోటి 70 లక్షల డాలర్లు. ఆరోజు అంతా అస్తవ్యస్తం. దొంగ టికెట్లతో అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ జనం వచ్చిపడ్డారు. కొత్తగా వేసిన తారు ఎండకి మెత్తబడి ఆడవాళ్ళ హైహీల్స్ దిగబడిపోయాయి. తాగేనీళ్ళ కుళాయిలు కూడా సరిపోలేదు. అయినా రెండు నెలలు తిరక్కుండానే పదిలక్షల మంది చూశారు.

కార్టూన్ లోకాన్ని నేలమీద ఎలా నిలబెట్టారు? మనకి తెలిసిన పోలిక మాయాబజార్. 1957లో తెలుగులోనూ తమిళంలోనూ వచ్చిన ఆ సినిమాలో ఘటోత్కచుడి మనుషులు పెళ్ళివాళ్ళ కోసం ఒక మాయానగరం నిలబెడతారు. చూసేవాళ్ళకి అది నిజం ఊరే. డిస్నీలాండ్ కూడా అలాంటి కనికట్టే, కాకపోతే మంత్రం బదులు కొలతలు. మెయిన్ స్ట్రీట్ మేడల పై అంతస్తులు కింది అంతస్తుకంటే చిన్నవిగా కట్టారు. స్లీపింగ్ బ్యూటీ కోట ఎత్తు 77 అడుగులే. పైకి పోయేకొద్దీ రాళ్ళు చిన్నవి చెయ్యడంతో కంటికి ఆకాశమంత కనిపిస్తుంది. తమాషా ఏంటంటే ఆ సినిమా వచ్చింది 1959లో. సినిమాకంటే నాలుగేళ్ళ ముందే కోట తయారు!

నాకు అన్నిటికంటే నచ్చింది స్నోవైట్ రైడు. చీకటి గదుల్లో, ప్రత్యేకమైన దీపాల కింద మెరిసే రంగులతో అడవినీ మంత్రగత్తెనీ చూపించారు. స్నోవైట్ మాత్రం ఎక్కడా కనిపించదు. ఎందుకంటే బండిలో కూర్చున్నవాళ్ళే స్నోవైట్ అని వాళ్ళ ఉద్దేశం. మంత్రగత్తె వచ్చేది మన మీదికే. చాలామందికి ఇది అర్థంకాక స్నోవైట్ ఏదని అడిగేవాళ్ళు. చివరికి 1983లో ఆమె బొమ్మ కూడా పెట్టారు. సినిమా బొమ్మని చూపిస్తుంది. వాల్ట్ మనల్నే బొమ్మ చెయ్యాలనుకున్నాడు.

1961 నవంబరులో మన ప్రధాని నెహ్రూ, ఇందిరాగాంధీ కూడా డిస్నీలాండ్ చూశారు, వాల్ట్ వాళ్ళని దగ్గరుండి తిప్పాడు. అంతకుముందే డిస్నీ యానిమేటరు క్లెయిర్ వీక్స్ బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కి వచ్చి మనవాళ్ళకి యానిమేషన్ నేర్పాడు.

ఇప్పుడు మేరీ బ్లెయిర్ గురించి చెప్పాలి. 1940లో స్టూడియోలో చేరిన ఈ చిత్రకారిణి సిండ్రెల్లా, ఆలిస్, పీటర్ పాన్ సినిమాలకి రంగుల ఊహలు గీసింది. 1953లో ఉద్యోగం మానేసింది. పదేళ్ళ తర్వాత వాల్ట్ ఆమెని తిరిగి పిలిపించాడు. 1964 న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో యునిసెఫ్ కోసం, ప్రపంచంలోని పిల్లలంతా కనిపించే పడవ ప్రయాణం ఒకటి తయారుచెయ్యాలి. ఆ లోకానికి రంగూ రూపూ మేరీవి. బొమ్మల దుస్తులు ఆలిస్ డేవిస్ కుట్టించింది. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ అనే ఆ పడవ ప్రయాణం 1966 మేలో డిస్నీలాండ్‌కి వచ్చింది. ఆడవాళ్ళకి సృష్టించే పని లేదని ఉత్తరాలు రాసిన స్టూడియోలోనే, ఒక స్త్రీ గీసిన రంగుల మధ్య జనం పడవలో తిరిగారు.

ఆ ఏడాదే డిసెంబరు 15న వాల్ట్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. 65 నిండి పది రోజులే అయింది. సిగరెట్లు బాగా తాగేవాడు. ఫ్లోరిడాలో 27 వేల ఎకరాలకి పైగా కొని ఇంకా పెద్ద పార్కు కట్టాలన్న కల అలాగే మిగిలింది. రిటైరవ్వాల్సిన రాయ్ ఆగి, 1971 అక్టోబరు 1న దాన్ని తెరిచాడు. ఒట్టి డిస్నీ వరల్డ్ కాదు, తమ్ముడి పేరుతో వాల్ట్ డిస్నీ వరల్డ్ అని ఉండాలని పట్టుబట్టాడు. మూడు నెలలు తిరక్కుండా తనూ పోయాడు.

డిస్నీలాండ్ మెయిన్ స్ట్రీట్‌లో మేడల కిటికీల మీద, షాపు బోర్డుల్లాగా, పార్కు కట్టినవాళ్ళ పేర్లు రాసి ఉంటాయి. ఒక కిటికీ మీద తండ్రి ఎలియాస్ పేరు కూడా ఉంది. స్నోవైట్‌కి ఇంకు దిద్దిన వందమంది పేర్లకి అలాంటి కిటికీ దొరకలేదు. వాళ్ళ కథతో ఒక పెద్ద పుస్తకం రావడానికి 2017 దాకా పట్టింది. ఈసారి స్నోవైట్ చూస్తే ఆమె జుట్టు చుట్టూ, చేతివేళ్ళ చుట్టూ ఉన్న సన్నటి గీతని గమనించండి. ఎక్కడా వణకదు. అది మన వయసు అమ్మాయిలు నిబ్బుతో దిద్దిన గీత.