మూడోసారి పాసైన ఎల్లాప్రగడ సుబ్బారావు



పిల్లలు జేఈఈ మెయిన్ మొదటి సెషన్ స్కోరు చూసుకున్న రోజు, శాట్ రాసి ఇంటికొచ్చిన సాయంత్రం చాలా ఇళ్లలో ఒకటే చర్చ. ఈ స్కోరు ఉంచుకోవాలా, రద్దు చేయించాలా, మళ్లీ రాయించాలా? ఏదో ఒకటి తేల్చుకునే ముందు ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రెండు నిమిషాలు చదవండి.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పారు. ఇక చదువెందుకని ఇంట్లో వాళ్లు అనుకుని ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది. మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి మూడోసారి రాసి పాసయ్యారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో మరో దెబ్బ తగిలింది. గాంధీగారి పిలుపు విని ఖద్దరు వేసుకోవడం సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా, ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ ఇచ్చారు. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగమూ దొరకలేదు. ఈసారి మళ్లీ రాసి మార్చుకునే దారి లేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ, చేతిలో ఉన్న ఆ సర్టిఫికెట్‌తోనే హార్వర్డ్‌కు వెళ్లారు. ఖర్చులకోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు.

1925లో ఫిస్క్‌తో కలిసి శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. 1940లో లెడర్లీ కంపెనీలో చేరాక ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారు చేసింది. గర్భిణులకు డాక్టర్లు రాసే మాత్ర అదే. క్యాన్సర్‌కు నేటికీ వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందం పనిలోంచే వచ్చింది. 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

గమనించండి. మళ్లీ రాసే వీలున్న చోట ఆయన రాశారు. వీలు లేని చోట ఉన్నదానితో ముందుకు వెళ్లారు. మన పిల్లల విషయంలోనూ ముందు తేల్చుకోవలసింది ఇదే.

జేఈఈ మెయిన్ రెండు సెషన్లూ రాస్తే, మెరుగైన స్కోరునే ర్యాంకుకు తీసుకుంటారు. మొదటిసారి తగ్గినా నష్టం లేదు. శాట్ సంగతి వేరు. రద్దు చేసుకునే గడువు కొద్ది రోజులే, అదీ స్కోరు చూడకముందే ముగుస్తుంది. ఒకసారి రద్దు చేస్తే ఆ స్కోరు తిరిగి రాదు. కాబట్టి పాప ఏడుస్తోందనో, బాబు డల్‌గా ఉన్నాడనో రద్దు చేయకండి. పరీక్ష మధ్యలో ఒంట్లో బాగోలేక సగం పేపరు వదిలేసి ఉంటే అది వేరే మాట. చాలా కాలేజీలకు ఏ తేదీ స్కోరు పంపాలో మనమే ఎంచుకోవచ్చు. కొన్ని మాత్రం అన్ని స్కోర్లూ అడుగుతాయి. అప్లై చేసే కాలేజీ నియమాలు ముందే చూసుకోండి.

ఆ రాత్రికి మాత్రం స్కోరు మాట పక్కన పెట్టి, పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టండి. మర్నాడు వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకుని నిర్ణయం తీసుకోండి. పరీక్ష రాసింది వాళ్లు కదా!