కళ్లజోడుకు డబ్బులు కట్టమన్నారని మంత్రి పదవే వదిలేశారు.. బ్రిటన్‌కు ఉచిత వైద్యం తెచ్చిన గని కార్మికుడి కథ

జబ్బు చేస్తే ముందు డాక్టర్ గుర్తుకు రావాలా? లేక బిల్లు గుర్తుకు రావాలా? ఒక మనిషి రాజకీయ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆయనే అనైరిన్ బెవాన్. బ్రిటన్‌లో ఇవాళ్టికీ నడుస్తున్న నేషనల్ హెల్త్ సర్వీస్‌ను, అంటే ఎన్‌హెచ్‌ఎస్‌ను మొదలుపెట్టిన ఆరోగ్య మంత్రి. మన తెలుగు డాక్టర్లు ఎంతోమంది అక్కడ పనిచేస్తున్నది ఈ వ్యవస్థలోనే. 13 ఏళ్లకే బడి మానేసి బొగ్గు గనిలోకి దిగిన కుర్రాడు ఇంత పెద్ద వ్యవస్థను ఎలా కట్టారు? ఆ కథేంటో చూద్దాం.

బొగ్గు దుమ్ములో బాల్యం

బెవాన్ 1897 నవంబర్ 15న వేల్స్‌లోని ట్రెడీగర్ అనే గనుల ఊళ్లో పుట్టారు. తండ్రి గని కార్మికుడు, తల్లి బట్టలు కుట్టేవారు. పది మంది పిల్లలు పుడితే అందరూ బతకలేదు. బెవాన్‌కు చిన్నప్పటి నుంచి నత్తి. బడి పడలేదు కానీ, ఊళ్లోని కార్మికుల లైబ్రరీలో పుస్తకాలు తెగ చదివేవారు. సభల్లో పట్టుబట్టి మాట్లాడుతూ నత్తిని లొంగదీసుకున్నారు. తర్వాత బ్రిటన్ పార్లమెంటులోనే గొప్ప వక్తల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్నారు.

1925లో తండ్రి చనిపోయారు. ఏళ్ల తరబడి పీల్చిన బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులను తినేసింది. అప్పట్లో దాన్ని పని వల్ల వచ్చే జబ్బుగా చట్టం లెక్కలోకి తీసుకోలేదు. దాంతో కుటుంబానికి పైసా పరిహారం రాలేదు.

ఊరే చూపించిన దారి

అప్పటికి బ్రిటన్‌లో వైద్యం ఎలా ఉండేదంటే.. 1911 నాటి బీమా చట్టం కింద తక్కువ జీతం ఉన్న కార్మికుడికి డాక్టర్ వైద్యం దొరికేది. కానీ భార్యాపిల్లలకు వర్తించదు. ఆస్పత్రి ఖర్చూ అందులో లేదు. ఇంటావిడ జబ్బు పడితే చేతి నుంచి పెట్టుకోవాల్సిందే.

ట్రెడీగర్‌లో మాత్రం వేరే పద్ధతి ఉండేది. గని, ఉక్కు కార్మికులు తమ కూలీలో ప్రతి పౌండుకు కొన్ని పెన్నీలు మెడికల్ ఎయిడ్ సొసైటీకి ఇచ్చేవారు. ఆ డబ్బుతో సొసైటీ డాక్టర్లను పెట్టుకునేది. ఊళ్లో దాదాపు అందరికీ, ఇంటిల్లిపాదికీ వైద్యం అందేది. ఆస్పత్రి కమిటీలో పనిచేసిన బెవాన్ ఇదంతా దగ్గర నుంచి చూశారు. ఒక ఊరు చేయగలిగింది దేశం ఎందుకు చేయలేదు? ఆ ఆలోచనకు బీజం అక్కడే పడింది.

1929లో ఎబ్బూ వేల్ నుంచి లేబర్ పార్టీ ఎంపీ అయ్యారు. 1945లో లేబర్ పార్టీ ఘన విజయం సాధించింది. ప్రధాని అట్లీ 47 ఏళ్ల బెవాన్‌కు ఆరోగ్య శాఖ అప్పగించారు. కేబినెట్‌లో అందరికంటే చిన్నవారు ఆయనే.

వ్యవస్థ ఎలా కట్టారు?

బెవాన్ తీసుకున్న పెద్ద నిర్ణయం ఆస్పత్రులన్నీ ప్రభుత్వపరం చేయడం. కొన్ని విరాళాలతో, కొన్ని స్థానిక సంస్థల కింద నడిచేవి. డబ్బున్న ప్రాంతంలో మంచి ఆస్పత్రి, పేద ప్రాంతంలో నాసిరకం. ఆస్పత్రులను స్థానిక సంస్థలకే ఉంచాలని సొంత కేబినెట్‌లోని హెర్బర్ట్ మోరిసన్ వాదించారు. బెవాన్ ఒప్పుకోలేదు.

1946 చట్టం వైద్యాన్ని మూడు భాగాలు చేసింది. ఆస్పత్రులు ప్రాంతీయ బోర్డుల కిందకు వచ్చాయి. ఫ్యామిలీ డాక్టర్లు, దంత వైద్యులు, కళ్లజోళ్ల సేవలు విడి కౌన్సిళ్ల కిందకు వెళ్లాయి. అంబులెన్సులు, టీకాలు, ఇళ్లకు వచ్చే నర్సులు స్థానిక సంస్థల దగ్గరే ఉన్నాయి. మొత్తానికి పార్లమెంటుకు జవాబు చెప్పాల్సింది ఆరోగ్య మంత్రే.

మరి డబ్బు? ఎక్కువ భాగం జనం కట్టే పన్నుల నుంచే. బీమా చందా వాటా చాలా తక్కువ. అంటే జబ్బు చేసిన రోజు కాదు, ఒంట్లో బాగున్నప్పుడే సంపాదనను బట్టి అందరూ కట్టేస్తారు.

డాక్టర్లు అడ్డం తిరిగారు

ప్రభుత్వ ఉద్యోగులుగా మార్చేస్తారేమోనని డాక్టర్లకు భయం. 1948 ఫిబ్రవరిలో వాళ్ల సంఘం పెట్టిన ఓటింగ్‌లో పదింట దాదాపు తొమ్మిది ఓట్లు వ్యతిరేకంగా పడ్డాయి. ప్రతిపక్ష కన్జర్వేటివ్‌లు అంతకుముందే బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారు.

బెవాన్ ఇక్కడ బేరం ఆడారు. పెద్ద స్పెషలిస్టులకు ప్రైవేట్ ప్రాక్టీసు చేసుకోనిచ్చారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే డబ్బు కట్టే పడకలు ఉంచారు. ఫ్యామిలీ డాక్టర్లను జీతగాళ్లను చేయబోమని మాటిచ్చి, పేరు నమోదు చేసుకున్న ఒక్కో రోగికి ఇంత అని చెల్లించే పద్ధతి పెట్టారు. ప్రాక్టీసును అమ్ముకోవడం మాత్రం రద్దు చేసి, పరిహారంగా 6.6 కోట్ల పౌండ్లు పక్కన పెట్టారు. రాజీ పడ్డారని సొంత పార్టీలోనే కొందరు గొణిగారు. కానీ రోగి దగ్గర డబ్బు అడగకూడదన్న మూల సూత్రం మాత్రం నిలబడింది.

1948 జూలై 5న ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. మాంచెస్టర్ దగ్గరి పార్క్ హాస్పిటల్‌కు బెవాన్ స్వయంగా వెళ్లారు. తొలి ఏడాదిలోనే 50 లక్షలకు పైగా కళ్లజోళ్లు ఇవ్వాల్సి వచ్చింది. అన్నాళ్లూ చూపు సరిగా లేకుండానే ఎంతమంది నెట్టుకొచ్చారో దేశానికి అప్పుడు అర్థమైంది.

చిన్న మొత్తం.. పెద్ద పట్టుదల

ఖర్చు అంచనాలు దాటింది. 1949లో మందుల చీటీకి ఒక షిల్లింగు వసూలు చేసే అధికారం చట్టంలో పెడితే బెవాన్ అయిష్టంగానే ఒప్పుకున్నారు. అయితే అది అమలు కాలేదు. ఇంతలో కొరియా యుద్ధం వచ్చింది. మూడేళ్లలో ఆయుధాలకు 470 కోట్ల పౌండ్లు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. 1951 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి గేట్‌స్కెల్ కళ్లజోళ్లకు, కట్టుడు పళ్లకు సగం ధర జనమే కట్టాలన్నారు. ఆ ఏడాది దాంతో మిగిలేది 1.3 కోట్ల పౌండ్లే.

అప్పటికి కార్మిక శాఖ మంత్రిగా ఉన్న బెవాన్ ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. ఒకసారి తలుపు తెరిస్తే ఫీజులు ఒక్కొక్కటిగా లోపలికి వస్తాయన్నది ఆయన భయం. పార్టీ రెండుగా చీలింది. అదే ఏడాది ఎన్నికల్లో ఓడింది. ఈ పట్టుదల పార్టీకి నష్టం చేసిందన్న విమర్శ నేటికీ ఉంది. కానీ ఆయన భయం కూడా నిజమైంది. 1952లో కన్జర్వేటివ్ ప్రభుత్వం మందుల చీటీకి షిల్లింగు వసూలు మొదలుపెట్టింది.

బెవాన్ మళ్లీ మంత్రి కాలేదు. క్యాన్సర్‌తో 1960 జూలై 6న, 62 ఏళ్లకే కన్నుమూశారు. అంతకు ముందు రోజే ఎన్‌హెచ్‌ఎస్‌కు 12 ఏళ్లు నిండాయి.

ఇంగ్లండ్‌లో మందుల చీటీకి ఇప్పటికీ చాలామంది ఫీజు కడుతున్నారు. వేల్స్‌లో మాత్రం 2007లో ఆ ఫీజు పూర్తిగా ఎత్తేశారు. బెవాన్ పుట్టిన ట్రెడీగర్‌లో ఇవాళ మందులకు డబ్బులు అడగరు.