సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లిన మనిషి: పుచ్చలపల్లి సుందరయ్య

చిలమత్తూరు, గోరంట్ల, హిందూపురం వైపు సైకిల్ షాపు తెలియని కుటుంబం మనలో తక్కువ. పంక్చర్లు వేసి పిల్లల్ని చదివించిన తాతలు, గంటకింత అని సైకిళ్లు బాడుగకిచ్చిన మామలు చాలా ఇళ్లలో ఉన్నారు. ఇప్పుడు ఆ ఇళ్ల కుర్రాళ్లు పని కోసం బెంగళూరుకో హైదరాబాదుకో పోతున్నారు. పోయిన కొన్నాళ్లకే అప్పు చేసి బైక్ కొంటున్నారు. సైకిల్ తొక్కొచ్చు కదా అంటే రోడ్డు మీద చోటెక్కడుంది అంటారు. ఆ మాట నిజమే. దాని వెనక ఇంకో మాట కూడా ఉంది, పైకి అనరు: సైకిల్ మీద పోతే చిన్నచూపు చూస్తారని.

ఆ చిన్నచూపును లెక్కచేయని ఒక పెద్దమనిషి కథ మన పిల్లలకు చెప్పాలి.

పుచ్చలపల్లి సుందరయ్య 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. భూములున్న కుటుంబం. ఆయన అసలు పేరు సుందరరామిరెడ్డి. పేరు చివర కులం ఎందుకని తర్వాత ఆయనే తీసేసుకున్నారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. మద్రాసులో కాలేజీ చదువుతుండగా 1930లో గాంధీగారి పిలుపు విని చదువు వదిలేసి ఉద్యమంలోకి దూకారు, జైలుకు వెళ్లారు. అప్పటికి ఆయనకు 17 ఏళ్లు.

జైలు నుంచి వచ్చాక ఆయనకు దారి చూపించినవారు అమీర్ హైదర్ ఖాన్. రావల్పిండి వైపు పల్లెలో పుట్టి, ఓడల్లో కూలిపని చేసి, దేశాలు తిరిగి, పోలీసుల కళ్లుగప్పి మద్రాసు చేరిన కమ్యూనిస్టు ఆయన. దక్షిణాదిలో కమ్యూనిస్టు పార్టీకి పునాది వేసే పని సుందరయ్యకు ఈయన వల్లే అబ్బింది. సొంత ఊళ్లో వ్యవసాయ కూలీలను కూడగట్టడం నుంచి సుందరయ్య మొదలుపెట్టారు. తన వాటాకు వచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు. 1943లో లీల గారిని పెళ్లి చేసుకున్నారు. పిల్లలుంటే మనసు ఇంటివైపు లాగుతుందని దంపతులిద్దరూ సంతానం వద్దనుకున్నారు.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటానికి నాయకత్వం వహించినవారిలో ఆయన ఒకరు. దేశ్‌ముఖ్‌ల వెట్టిచాకిరీ మీద సాగిన ఆ పోరాటంలో కవి మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఉన్నారు. కొన్నేళ్లు అజ్ఞాతవాసంలో గడిపిన సుందరయ్య 1952లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు ఎన్నికై ఢిల్లీ వెళ్లారు. అక్కడ కమ్యూనిస్టు సభ్యుల నాయకుడు ఆయనే.

సైకిల్ సంగతి ఇక్కడే వస్తుంది. ఎంపీ అయ్యాక కూడా సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీదే వెళ్లేవారు. ఆయన దాన్నేమీ ప్రచారం కోసం చెయ్యలేదు. ఆ రోజుల్లో ఢిల్లీ ఆఫీసుల గుమాస్తాలు, ప్యూన్లు, కార్ఖానా పనివాళ్లు పొద్దున్నే సైకిళ్ల మీద బారులు తీరి పోయేవారు. వాళ్ల ఓట్లు, వాళ్ల పన్నులతో నడిచే సభకు వాళ్లతోపాటే పోవడం ఆయనకు మామూలు విషయం.

1955లో గన్నవరం నుంచి ఆంధ్ర శాసనసభకు గెలిచారు. అప్పటి రాజధాని మన రాయలసీమలోని కర్నూలు. ఏడాది తర్వాత ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సభ హైదరాబాదుకు మారింది. 1962లోనూ, మళ్లీ 1978లోనూ అదే గన్నవరం ఆయన్ని గెలిపించింది. హైదరాబాదులో శాసనసభకు సైకిల్ మీద వెళ్లే సభ్యుడిగానే జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు. 1964లో పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీకి మొదటి ప్రధాన కార్యదర్శి అయ్యారు. అంత పదవిలోనూ ఆయన బతుకు తీరు మారలేదు. 1985 మే 19న కన్నుమూశారు.

ఆయన రాజకీయాలతో మనకు ఏకీభావం ఉండొచ్చు, లేకపోవచ్చు. నిరాడంబరతను మాత్రం అన్ని పార్టీలవాళ్లూ పొగుడుతారు. పొగిడి, దండ వేసి, కారెక్కి వెళ్లిపోతారు. ఆ సైకిల్ అడుగుతున్న ప్రశ్న మాత్రం అక్కడే నిలబడి ఉంటుంది. రోడ్డు ఎవరి కోసం?

రోడ్డు ఎట్లా ఉండాలో తేల్చేవాళ్లు సైకిల్ తొక్కితే గుంత ఎక్కడుందో, బస్సు ఎక్కడ పక్కకు నెట్టేస్తుందో, ఏ ఫ్లైఓవర్ మీద సైకిల్‌కు దారే లేదో వాళ్లకు తెలిసేది. కారు అద్దంలోంచి చూస్తే అవి కనపడవు. అందుకే రోడ్లు వెడల్పు చేసినకొద్దీ నడిచేవాళ్లకు, సైకిల్‌వాళ్లకు చోటు తగ్గుతూ వచ్చింది.

కాగితం మీద మాటలకు కొదవ లేదు. 2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం బండ్లను కాదు, మనుషులను లెక్కలోకి తీసుకోమంది. నడకకు, సైకిల్‌కు ముందు చోటివ్వమంది. 2023లో హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు. చూడ్డానికి బాగుంటుంది. ఆదివారం పొద్దున వ్యాయామానికి పనికొస్తుంది. పాతబస్తీ నుంచి రోజూ పనికి పోయే కుర్రాడికి అది దారిలో పడదు.

అతనికి కావాల్సింది చిన్న చిన్న ఏర్పాట్లు. ఇంటి నుంచి పని చోటు దాకా తెగకుండా సాగే సైకిల్ దారి. బస్సులు, లారీల నుంచి కాపాడే గట్టు. బండ్లు నెమ్మదిగా పోయే గల్లీలు. మన ఎండలకు చెట్ల నీడ. బస్టాండు, బడి, ఆసుపత్రి, మసీదు, మార్కెట్ దగ్గర తాళం వేసుకునే స్టాండు. ఒక కారు ఆపే జాగాలో పది సైకిళ్ల దాకా పడతాయి. వీటికి మెట్రో రైలంత ఖర్చు అక్కర్లేదు. పెట్రోలుకు, బైక్ వాయిదాలకు పోయే డబ్బు మిగిలితే అది నెలనెలా ఊళ్లో ఉన్న అమ్మకు చేరుతుంది.

హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య పేరుతో విజ్ఞాన కేంద్రం ఉంది. ఆ కేంద్రం గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలతోపాటు అబ్దుస్ సమద్ ఖాన్ గారు జీవితమంతా కూడబెట్టిన అరుదైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు భద్రంగా ఉన్నాయి. హైదరాబాదుకు వెళ్లినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

ఇంకో పని కూడా చెయ్యొచ్చు. ఈసారి ఓట్లకు వచ్చినవాళ్లను నీళ్లు, డ్రైనేజీ అడిగినట్టే సైకిల్ దారి గురించి కూడా అడగండి. హిందూపురం లాంటి చిన్న పట్టణాలు ఇంకా చేయి దాటిపోలేదు. రోడ్లు వెడల్పు చేసేటప్పుడే ఆ దారికి చోటు వదిలితే సరిపోతుంది. కట్టేశాక అడిగితే పగలగొట్టి మళ్లీ కట్టాలి. ఇంట్లో మూలన పడున్న సైకిల్ ఉంటే దానికి గాలి కొట్టించి పిల్లవాడికివ్వండి. సైకిల్ మీద పోతే చిన్నచూపని వాడంటే, ఒకాయన దాని మీదే పార్లమెంటుకు పోయాడని చెప్పండి.